ఒంటిచేతి కత్తి

మురుగునీటి పంపుహౌస్‌లోంచి శవాన్ని పైకి తీసేసరికి ఉదయం తొమ్మిదైంది. అక్కడ ముక్కుకి రుమాలు కట్టుకోని వాడు ఒక్కడే. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ గుమాస్తా అంటారు. చనిపోయినవాడు అతని సొంత అన్న, కోడ్‌నేమ్ ఫోటోగ్రాఫర్.

చేతులు రెండూ ప్లాస్టిక్ స్ట్రాప్‌లతో పైపుకి బిగించి, మురుగు నిండేలా వాల్వ్ తిప్పేసి వెళ్లారు చంపినవాళ్లు. చర్మం ఒలుచుకుపోతున్నా లెక్కచేయక అన్న ఎడమచేతిని లాక్కోగలిగాడు. ఆ చేతిలో మడతకత్తి ఉంది. మూసే ఉంది. బొటనవేలి గోరు సగానికి విరిగింది.

గుమాస్తా ఆ కత్తిని ఒంటిచేత్తో తెరవబోయాడు. కదల్లేదు. గోరు పెట్టడానికి సన్నటి గాడి తప్ప వేరే పట్టు లేదు. రెండు చేతులుంటే రెండు సెకన్ల పని. మురుగు గడ్డం దాటేదాకా అన్న దీంతోనే పెనుగులాడాడన్నమాట.

అతను కత్తిని జేబులో వేసుకున్నాడు.

డైరెక్టర్ గదిలో మల్లెపూల రూమ్ ఫ్రెషనర్ కొట్టి ఉంది. అది ఇంకా రోతగా అనిపించింది.

"మన ఏజెంట్లు నలభై ఒక్కమంది పేర్లు, ఒక మైక్రోఫిల్మ్‌లో" అన్నాడు డైరెక్టర్. "విదేశీ ముఠా దాన్ని చేపల ఫ్యాక్టరీ నుంచి ఎల్లుండి పగలు పదకొండున్నరకి ట్రక్కులో ఓడరేవుకి పంపుతోంది. గేటు దాటిందా, అందరూ పోయినట్టే. లోపల మన డబుల్ ఏజెంట్ ఉంది. గాయని. 'గొంతు పట్టేసిందా?' అని అడుగు. 'పాటే మారింది' అంటుంది."

"అన్నకి కాంటాక్ట్ కూడా ఆవిడేనా సార్?"

"ఆవిడే. నమ్మకస్తురాలు."

"మరి ఈ కత్తి?"

"స్టాండర్డ్ ఇష్యూ. దానికేం లోటు?" డైరెక్టర్ టీ చప్పరించాడు. ఆ చప్పుడు భరించలేక గుమాస్తా లేచి వచ్చేశాడు.

డిపార్ట్‌మెంట్ వర్క్‌షాప్‌లో లేత్ మెషిన్ల మీద పనిచేసేది అతని వదినే. కళ్లు వాచి ఉన్నాయి. కత్తి చూడగానే ఏం జరిగిందో ఆమెకి అర్థమైపోయింది.

"ఇటివ్వు మరిదీ" అంది.

బ్లేడ్ తిరిగే ఇరుసు మరను విప్పింది. లోపలి మురికి తుడిచి, వాషర్లకి నునుపు పెట్టి, చుక్క నూనె వేసింది. "బ్లేడ్ గట్టి ఉక్కు. మామూలు డ్రిల్ దిగదు. వెన్ను మీద బిగిస్తాను" అంటూ శనగగింజంత ఇత్తడి ముక్కకి గాడి కోసి బ్లేడ్ వీపుకి తొడిగి, రెండు చిట్టి మరలతో బిగించింది. దానికి బొటనవేలు అందేలా పిడిని ఒకవైపు అర్ధచంద్రంలా అరగదీసింది. ఇరుసు మరను ఆఖర్న పావు చుట్టు వదులు చేసింది.

"ఎడమచేత్తో తెరువు."

టక్కుమంది.

"ఇంకా వందసార్లు" అంది వదిన, ముఖం తిప్పుకుని.

ట్రక్కు బయల్దేరే రోజు పొద్దున ఫ్యాక్టరీలో చేపల పేగులు ఊడ్చే కొత్త కూలీ చేరాడు. పాపం, ఎడమచెయ్యి పడిపోయిందట. దానికి గుడ్డ చుట్టి మెడలోంచి వేలాడదీసుకున్నాడు. ఆ గుడ్డని గుమాస్తా కుళ్లిన పేగుల్లో నానబెట్టి మరీ కట్టుకున్నాడు. కత్తి ఉన్నది ఆ గుడ్డలోనే.

పదకొండుంబావుకి గాయని వచ్చింది. ఉన్ని కోటు, ఎర్రటి పెదాలు, పది గజాల దాకా కొట్టే సెంటు.

"గొంతు పట్టేసిందా అమ్మగారూ?"

"పాటే మారింది" అని నవ్వి, వెనకున్న కాపలావాడికి కళ్లతో సైగ చేసింది.

పిస్టల్ గొట్టం అతని మెడకి ఆనింది. కాపలావాడు అతని బూటులోని తుపాకీ లాక్కున్నాడు. జేబులు తడిమాడు. చేతిగుడ్డ దగ్గరికొచ్చేసరికి వాడికి డోకు వచ్చింది.

"అది చచ్చిన చెయ్యిలే, ఒదిలెయ్" అంది గాయని. "కుడిచెయ్యి బెల్టుకి కట్టు."

చేపల వ్యర్థాలని గ్రైండర్‌లోకి మోసుకెళ్లే బెల్టు అది. దాని ఇనుప పట్టీకి కుడి మణికట్టుని స్ట్రాప్‌తో బిగించి స్విచ్ వేశారు.

"మీ ఫోటోగ్రాఫర్ చివర్లో నన్ను అక్కా అని బతిమాలాడు తెలుసా?" అంది ఆమె, గోళ్లు చూసుకుంటూ. "నువ్వు ఎల్లుండికి కోళ్ల దాణా అవుతావు. ఫిల్మ్ అయితే నా చేపలో భద్రంగా ఉంది."

ఆమె హైహీల్స్ చప్పుడు దూరమైంది.

బెల్టు నెమ్మదిగా లాక్కెళుతోంది. ముందు పేగులు, తర్వాత తలకాయలు, తర్వాత అతను. గ్రైండర్ పళ్లు బొమికల్ని నమిలే చప్పుడు. గుమాస్తా ఎడమచెయ్యి గుడ్డలోంచి బయటికొచ్చింది. ఇత్తడి ముక్క మీద బొటనవేలు వేసి తోశాడు.

జారింది. అంతా జిగురు!

గ్రైండర్ ఇంకా నాలుగడుగులు. వేలిని చొక్కాకి రుద్దుకుని మళ్లీ తోశాడు. టక్! స్ట్రాప్ తెగింది. చెంప మీద చేపల రక్తపు తుంపర పడుతుండగా పక్కకి దొర్లి, గేటువైపు పరుగెత్తాడు.

పదకొండున్నర. అడ్డకర్ర లేస్తోంది. ట్రక్కు కదిలింది. ఇంజన్‌కీ వెనకున్న సరుకు పెట్టెకీ మధ్య బ్రేకులకి గాలి మోసే ఎర్ర గొట్టం వేలాడుతోంది. ఎగిరి పట్టుకుని కత్తితో ఒక్క కోత కోశాడు. బుస్సుమంటూ గాలి పోయింది. గాలి పోతే ఆ బ్రేకులు వాటంతటవే బిగుసుకుంటాయి. ముందు చక్రాలు అడ్డకర్ర కింద ఆగిపోయాయి.

ట్రక్కు ముందు సీట్లో కూర్చుని అద్దంలోంచి చూసిన గాయని మొహంలో రంగు తప్ప ఇంకేం మిగల్లేదు. అతని సైగ కోసం బయట కాచుకుని ఉన్న డిపార్ట్‌మెంట్ బృందం ఆమెనీ, కాపలావాణ్ణీ పట్టుకుంది. గుర్తుకని మొప్పలో నీలిదారం కట్టిన చేప ఆమె ఒళ్లోనే దొరికింది. దాని కడుపు గుమాస్తానే చీల్చాడు. ఫిల్మ్ చేతిలోకొచ్చాక గోడ పక్కకెళ్లి భళ్లున కక్కుకున్నాడు.

సాయంత్రం వర్క్‌షాప్‌లో వదిన అడిగింది, "పనిచేసిందా?"

"రెండోసారికి."

"మొదటిసారి?"

"వేలు జారింది వదినా."

ఆమె తన పని మీద తనకే అసహ్యం వేసినట్టు పళ్లు కొరుక్కుని, ఆకురాయి తీసుకుని ఇత్తడి మీద అడ్డంగా గరుకు గీతలు పెట్టింది. అప్పుడే ప్యూన్ డైరెక్టర్ పంపిన మెమో తెచ్చాడు: అనుమతి లేకుండా ప్రభుత్వ ఆయుధంలో మార్పు చేసినందుకు ఇద్దరూ సంజాయిషీ ఇవ్వాలి.

వదిన పూర్తిగా చదివింది. తర్వాత దాన్ని మడిచి, బ్లేడ్‌కి పట్టిన చేపజిడ్డు ఆ చివర నుంచి ఈ చివరిదాకా తుడిచింది.

"డిపార్ట్‌మెంట్ కాగితం మంచిదే" అంది. "జిడ్డు బాగా పీలుస్తోంది."