చివర దిగాల్సిన మనిషి

ఆ ఆఫీసులో అతన్ని అందరూ కమాండర్ అనే పిలిచేవాళ్లు, సగం గౌరవంగా, సగం ఆటపట్టిస్తూ. మంటలార్పేవాళ్ల దగ్గర శిక్షణ పొంది వచ్చాక మూడో అంతస్తులో ఉన్న వాళ్లందరినీ కూర్చోబెట్టి ఊదరగొట్టేశాడు. ఆపద వస్తే ఆజ్ఞ ఇచ్చేది ఒక్కడే. ఒకరు మనుషుల్ని దింపాలి, ఒకరు బ్యాకప్ డిస్కులు తేవాలి, ఇంకొకరు కస్టమర్ల ఫోన్లు రెండో ఆఫీసుకి మళ్లించాలి. భవనం కాలిపోయినా పని ఆగకూడదు. కమాండర్ మాత్రం అందరికన్నా చివర దిగాలి.

"ఇంట్లో బల్లి కనిపిస్తే ముందు పరిగెత్తేది ఈయనే," అంది అకౌంట్స్‌లో పనిచేసే అతని భార్య. అందరూ పగలబడి నవ్వారు. అతనూ నవ్వాడు.

ఆ మధ్యాహ్నం బాగా మబ్బు పట్టింది. ముందు కాలిన వైరు వాసన వచ్చింది, సన్నగా, ఎక్కణ్ణుంచో తెలియకుండా. తర్వాత దీపాలు పోయాయి. గోడ వెనక చిటపట... చిటపట... తలుపు కిందనుంచి నల్లటి పొగ పాకుతూ వచ్చింది.

"కమాండర్ గారూ... ఇప్పుడేం చేద్దాం?" ఎవరో గుసగుసగా అడిగారు.

అతని కాళ్లు మెట్ల వైపు పరుగు తీశాయి. పక్క గదిలో భార్య ఉందన్న సంగతి రెండో అంతస్తు దాటాకే గుర్తొచ్చింది. అయినా వెనక్కి తిరగలేదు.

బయట గోడ పక్కన నిలబడి, సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

అప్పుడు వాళ్లు దిగడం మొదలుపెట్టారు. తోపులాట లేదు. ఒకరి వెనక ఒకరు... రిసెప్షనిస్టు అతన్ని చూడగానే ఏడ్చేసింది.

"సార్, మీరు లేకపోతే మాకీపాటికి నూకలు చెల్లేవి! మెట్ల దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పంపించారు. డిస్కులు తెచ్చేశాం, ఫోన్లు మళ్లించేశాం, మీరు చెప్పినట్టే."

నేను కాదు అని చెప్పాలి. మాట నాలిక చివరిదాకా వచ్చింది. చుట్టూ అందరూ చేతులు జోడిస్తుంటే మింగేశాడు. పారిపోయినందుకన్నా అందుకే ఎక్కువ సిగ్గేసింది.

అందరికన్నా ఆఖర్న భార్య వచ్చింది. ముఖమంతా మసి. దగ్గుతూ అతని ముందు ఆగిపోయింది. అతని తెల్ల చొక్కా వైపు చూసింది. ఒక్క మరక లేదు.

"ఏవండీ... మీరెప్పుడు దిగారు?"

అతను చూపు పక్కకి తిప్పుకున్నాడు.

"చెయ్యి పట్టుకుని మెట్ల దాకా తీసుకొచ్చారు కదా. 'నువ్వు వెళ్లు, నేను చివర దిగుతా' అన్నారు. గొంతు మీదే..."

ఆమె మణికట్టు మీద మసితో వేళ్ల ముద్ర ఉంది. అతని చెయ్యి లాగి దాని మీద పెట్టి చూసింది. వేలికి వేలు సరిపోయింది. చిన్నప్పుడెప్పుడో తలుపులో నలిగి వంకర తిరిగిన చిటికెన వేలు కూడా.

అతని చెయ్యి మాత్రం శుభ్రంగా ఉంది. ఆమె దాన్ని మెల్లగా వదిలేసింది. ఒక అడుగు వెనక్కి వేసి, మూడో అంతస్తు కిటికీ వైపు తలెత్తింది.

"ఏవండీ! అందరం దిగిపోయాం... ఇంక మీరూ వచ్చేయండి!"

చీకటి మెట్ల మీద ఎవరో దిగుతున్న చప్పుడు మొదలైంది.