తడి గిన్నె

"చేపగుడ్లకి గూఢచారి ఎందుకు సార్?"

చీఫ్ నవ్వలేదు. "ఆ జాతి చేప మన సముద్రంలో దాదాపు అయిపోయింది. హేచరీలో పిల్లలు పుట్టకపోతే, ఒక విదేశీ ముఠా దగ్గర చేపపిల్లల్ని కొనుక్కోవాల్సిందే. మూడు విడతల్లో రెండు విడతల గుడ్లు చచ్చిపోయాయి. లోపలి మనిషి పనే. పట్టుకో."

ఏజెంట్ ల్యాబ్ టెక్నీషియన్ వేషంలో చేరాడు. కళ్లజోడు ఫ్రేములో కెమెరా.

"నీళ్లు వెచ్చగా ఉన్నాయా?" అని మొదటిరోజే చెవిదగ్గర ఒక గొంతు.

"ఉప్పగా ఉన్నాయి," అన్నాడతను. కోడ్ కలిసింది.

ఆవిడ క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. నడిస్తే నలుగురూ తిరిగి చూస్తారు. ముఠా దగ్గర జీతం తీసుకుంటూ మనకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. "పెద్దాయన మీద కన్నేసి ఉంచు," అంది.

పెద్దాయన ముప్ఫై ఏళ్లుగా చేపల పొట్ట నిమిరి గుడ్లు తీస్తున్నాడు. నాలుగోరోజు కెమెరాకి దొరికిపోయాడు. ఎవరూ లేకుండా చూసి గిన్నెల్లో గుడ్డతో ఏదో రుద్దుతున్నాడు. ఏజెంట్ రిపోర్ట్ పంపాడు. మర్నాడు గేటు దగ్గర ఆయన పాస్ లాగేసుకున్నారు.

"నేనేం చేశాను బాబూ?" అని ఆయన కనపడ్డవాళ్లందరినీ అడిగాడు. ఏజెంట్‌నీ అడిగాడు. అతను మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తలేదు.

తర్వాతి విడత గుడ్లు జాడీలో పోశారు. ప్రాణమున్న గుడ్డు గాజుపూసలా పైకి తేలుతుంది. ఒక్కటీ తేలలేదు. అన్నీ తెల్లబడి అడుక్కి దిగిపోయాయి. దొంగ బయటికి పోతే వీటినెవరు చంపారు?

ఇక మిగిలింది ఒక్క తల్లిచేప. పొద్దున్నే దానికి గుడ్లు పండాయి. కొన్ని గంటల్లో తియ్యకపోతే పొట్టలోనే పాడైపోతాయి. ఏజెంట్ జీపేసుకుని పెద్దాయన ఇంటికి పరుగెత్తాడు.

"గిన్నెలు ఎందుకు తుడిచేవారు?"

"తడిగా ఉంటున్నాయి కాబట్టి. సముద్రపు నీళ్లు చుక్క తగిలినా మగచేప పాలల్లోని బీజకణాలు మేలుకుంటాయి. నిమిషం గంతులేసి చచ్చిపోతాయి. ఆ తర్వాత గుడ్లు పోసినా దండగే. పొడి గిన్నెలో రెండూ కలిపాకే నీళ్లు పొయ్యాలి. ఎవరో కడిగి తుడవడం మర్చిపోతున్నారనుకున్నా. ఎందుకు ఒకరి ఉద్యోగానికి ఎసరు పెట్టడమని చెప్పలేదు."

ఏజెంట్ తల వాలిపోయింది. "మీ మీద రిపోర్ట్ రాసింది నేనే."

పెద్దాయన చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. "తిట్టడానికి తర్వాత టైముంటుంది. చేప ఆగదు. పద."

వాళ్లు ల్యాబ్‌లోకి దూసుకొచ్చేసరికి ఇంకో టెక్నీషియన్ సిరంజిలోని మగచేప పాలు గిన్నెలోకి వదలబోతున్నాడు. పక్కనే ఇన్‌స్పెక్టర్ మేడమ్, చేతిలో సెంటు సీసా.

"ఆపు!"

సిరంజి అంగుళం దూరంలో ఆగింది. ఏజెంట్ ఆ సీసా లాక్కుని మణికట్టు మీద కొట్టుకుని నాలికకి అద్దుకున్నాడు. ఉప్పు!

"ఏ పరీక్షలోనూ దొరకని విషం," అని నవ్విందావిడ. "పాపం, పెద్దాయన్ని నేను చెప్పగానే నమ్మేశావు."

ఆవిడకి బేడీలు పడ్డా ఆ మాట మాత్రం అతని ఒంట్లోనే ఉండిపోయింది.

పెద్దాయన ఇంకో గిన్నె తీసుకుని పొడిగా తుడిచాడు. గుడ్లు, పాలు ఈకతో కలిపి, అప్పుడు నీళ్లు పోశాడు. రెండు గంటలకి మైక్రోస్కోప్ కింద గుడ్లు నాలుగేసి కణాలుగా విడిపోతున్నాయి. వందకి ఎనభై.

చీఫ్ ఫోన్లో మెచ్చుకున్నాడు.

"పెద్దాయన మీద నా రిపోర్ట్ రద్దు చెయ్యండి సార్."

"అది రహస్య పత్రం. అధికారికంగా అది లేనేలేదు. లేనిదాన్ని ఎలా రద్దు చేస్తామయ్యా?"

ఏజెంట్ ఫోన్ పెట్టేసి మేనేజర్ గదిలోకి వెళ్లాడు. తనెవరో, ఏం చేశాడో అంతా కాగితం మీద రాసిచ్చాడు. పదహారేళ్ల సర్వీసులో అతను సొంత పేరుతో పెట్టిన మొదటి సంతకం అది. ఆఖరిది కూడా.