పులిపాలు తాగని చెంగల్వ

కంకణపుర రాజ్యానికి ఉప్పు కరవు వచ్చింది. సముద్రతీరం నుంచి ఉప్పు బండ్లు రావలసిన ధూమ్ర కనుమలో ఒక రాక్షసుడు వచ్చి కూర్చున్నాడు. అతని ముందు నిలిచిన ప్రతి వీరుడూ శిలగా మారిపోతున్నాడు. రాజుగారి పళ్ళెంలోనూ, కూలివాని గంజిలోనూ ఒకటే చప్పిదనం.

ఆ రాజ్యంలో ఒక ఆచారముంది. సాహసానికి బయలుదేరేవారు కోట తలుపు దగ్గర తమ గురించి ఘనమైన పూర్వగాథ ఒకటి ఒప్పజెప్పాలి. అది లేనివారికి ఆస్థాన గాథాధికారి శేషభట్టు కల్పించి ఇచ్చేవాడు. బుట్టలల్లే మేదరి ఇంటి బయ్యన కూడా ఆ విధంగానే చంద్రవంశపు రాకుమారుడై వెళ్ళాడు, తిరిగి రాలేదు. అన్నను తెచ్చుకోవాలని అతని చెల్లెలు చెంగల్వ కోటకు వచ్చింది.

“నువ్వు అనాథవి,” అన్నాడు శేషభట్టు, తల ఎత్తకుండానే.

“మా అమ్మా నాన్నా బయట అరుగు మీదే కూర్చున్నారండీ.”

“కూర్చోనీ. వీరులకు తల్లిదండ్రులు ఉండకూడదు. పౌర్ణమినాడు, సూర్యగ్రహణం వేళ పుట్టావు. అడవిలో ఆడపులి నీకు పాలిచ్చి పెంచింది. భుజం మీద శంఖం మచ్చ.”

“నాకు మచ్చ లేదే!”

“కాటుకతో పెట్టుకో! ఇన్ని అడ్డుమాటలు చెప్పేదానికి గాథ ఎలా అతుకుతుంది? ఊఁ, అప్పజెప్పు.”

చెంగల్వ అప్పజెప్పింది. తలుపు తెరిచారు.

అడవి మొదట్లో ఒక వాగు. దాన్ని దాటించే పడవ ఒక మునిది. ఎవరని ఆయన అడగగానే చెంగల్వ నేర్చిన గాథ మొదలుపెట్టింది.

“ఆగమ్మా, ఆగు!” ముని తెడ్డు కింద పడేశాడు. “పౌర్ణమినాడు సూర్యగ్రహణమా? చంద్రుడు అడ్డొస్తేనే గదా సూర్యుడికి గ్రహణం! పౌర్ణమికి ఆయన ఉండేది సూర్యుడికి ఎదురుగా, ఆవలి పక్కన. అక్కణ్ణుంచి ఎలా అడ్డొస్తాడూ? వచ్చిన ప్రతివాడూ ఇదే చెబుతాడు. ఒక్కడూ తలెత్తి ఆకాశం చూసిన పాపాన పోడు!”

“నేను పుట్టింది వానాకాలం అని మా అమ్మ చెప్పింది స్వామీ. అంతకుమించి నాకు తెలియదు.”

“ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!” అని విసుక్కుంటూనే ముని ఆమెను అవతలి ఒడ్డుకు చేర్చాడు.

కొండదారిలో ఒక ఆడపులి అడ్డంగా పడుకుని ఉంది. పక్కన రెండు కూనలు. చెంగల్వ భయంతో, “నేను ఆడపులి పాలు తాగి...” అన్నదో లేదో, పులి లేచి గర్జించింది.

“మళ్ళీనా! నా కూనలకే పాలు చాలక నేను ఛస్తుంటే, మీ ఊళ్ళో వీరులందరికీ నేనెప్పుడు ఇచ్చానే?”

“కోపగించకు పులితల్లీ. అది మా భట్టుగారి కల్పన. నేను తాగింది మేకపాలు.”

“మేకా?” పులి చెవులు నిక్కబొడుచుకుంది. “ఎలా ఉంటుంది?”

“ముసలిది. ఎముకలు తప్ప ఏమీ లేవు.”

“సరే, పో,” అని పులి నిట్టూర్చి దారి విడిచింది.

కనుమకు రెండు వైపులా శిలలైన వీరులు నిలబడి ఉన్నారు. వారి నడుమ చెంగల్వకు బయ్యన ముఖం కనిపించింది. రాక్షసుడు చెంపకు చెయ్యి ఆనించుకుని కూర్చున్నాడు.

“చెప్పు. అనాథవేగా?” అన్నాడు. “ముందే చెబుతున్నా, మిమ్మల్ని నేను రాళ్ళు చేయటం లేదు. ఇక్కడ అబద్ధమాడినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే రాయవుతారు. అబద్ధం లేని గాథ ఒక్కటి వినేదాకా నేను లేవకూడదని శాపం. నడుం పడిపోయింది తల్లీ!”

“నా పేరు చెంగల్వ. మావాళ్ళు బుట్టలల్లుతారు. అదిగో, ఆ రాయి మా అన్న.”

రాక్షసుడు నిటారుగా కూర్చున్నాడు. “బాగుంది. ఆఖరి ప్రశ్న. నీకింత ధైర్యం ఎక్కడిది?”

“మా తాత ఒంటిచేత్తో ఎలుగుబంటిని...” ఇంట్లో అందరూ చెప్పుకొనే మాటే, ఆమె ఎన్నడూ నమ్మినది కాదు. మోకాళ్ళ దాకా రాయైపోయింది.

చెంగల్వ కాళ్ళవంక చూసుకుంది. “ఎలుగుబంటి సంగతి ఉత్తిదే. ధైర్యం ఎక్కడిదో నాకు తెలియదు. అసలు ఉందో లేదో కూడా తెలియదు. కాళ్ళు రాయైపోయాయి గాని, లేకపోతే వణకడం నీకే కనిపించేది.”

“తెలియదా?” రాక్షసుడి కళ్ళు పెద్దవయ్యాయి. “తెలియదన్నావా? ఇన్నేళ్ళలో ఆ మాట ఒక్కడూ అనలేదే! అడిగినదానికల్లా జవాబే!”

ఆమె కాళ్ళలోకి వెచ్చగా నెత్తురు పాకింది. రాక్షసుడు కీళ్ళు పటపటమంటుండగా లేచి నిలబడ్డాడు. శిలలన్నీ కదిలాయి. కదిలిన వెంటనే, “నేను అనాథను! నేను అనాథను!” అని అందరూ ఒక్కసారే అందుకున్నారు.

“చాలు, నోళ్ళు మూయండి!” రాక్షసుడు చెవులు మూసుకున్నాడు. “ఇక వీళ్ళని ఏమడగమంటావమ్మా?”

“ఎక్కడికి వెళ్తున్నారని అడుగు.”

అతడు బయ్యన వైపు తిరిగాడు. “ఏమయ్యా, ఎక్కడికి?”

“నేను చంద్రవంశపు...”

“అది కాదయ్యా బాబూ! ఎక్కడికి పోతున్నావు?”

బయ్యన తడబడ్డాడు. చుట్టూ చూశాడు. చెల్లెలు కనిపించింది.

“ఇంటికి,” అన్నాడు.

ఉప్పు బండ్లు వారి వెనకే కొండ దిగాయి. రాజు ఆ ఆచారాన్ని రద్దు చేసి, కనుమ పాలనను చెంగల్వకు అప్పగించాడు. ఆమె చాలాకాలం చల్లగా ఏలింది. ఆ దారిన ఎవరైనా పోవచ్చు. పోవలసిన ఊరి పేరు చెబితే చాలు.