నిండుకున్న పాలపొడి

టైలరు భుజం మీద పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"అక్కా, పాలపొడి డబ్బా! కాస్త తొందరగా ఇవ్వండి," అన్నాడతను.

అమ్మ పొద్దుటినుంచీ కొట్లో నిలబడే ఉంది. కాళ్ళు పీకుతున్నాయి. అరలోకి చెయ్యి పెట్టి తడిమింది. ఏమీ తగల్లేదు.

"అత్తయ్యా, నిన్న సరుకుల వ్యాను వచ్చిందిగా! పాలపొడి దింపలేదా?"

"నిండుకుందని నీ కూతురితో చెప్పానే! వ్యానతనికి చెప్పమన్నాను," అంది నాయనమ్మ.

అందరూ వాగుడుకాయ వైపు చూశారు. ఇంట్లో ఆ పిల్లకి అదే పేరు.

"నిండుకుందంటే... నిండా ఉందనుకున్నా. వద్దని చెప్పేశా," అంది. "పోయినసారి ఎక్కువ తెప్పించి, తేదీ దాటిపోతే పారేశాం కదమ్మా. నువ్వు ఏడ్చావు కూడా."

నాయనమ్మ తల పట్టుకుంది. "అయిపోయిందని నోటితో అనలేక నిండుకుందంటామే, పిచ్చిమొద్దూ!"

"ఒక్కసారి అరలోకి తొంగిచూస్తే నీ సొమ్మేం పోయేది?" అంది అమ్మ. "ఎక్కువ తెస్తే చెత్తబుట్ట పాలు. తక్కువ తెస్తే ఇదిగో, పసివాడి ఏడుపు. ఎటు చూసినా నాకే చావు." ఇంకా తిట్టే ఓపిక లేక స్టూలు మీద కూలబడింది.

"పోనీలెండక్కా," అంటూ టైలరు వెనుదిరిగాడు.

వాగుడుకాయ గబగబా మెట్లు దిగింది. "మామయ్యా, మీరు బాబుతో నీడలో కూర్చోండి. వీధి చివరి కొట్లో ఉంటుంది. నేను తెస్తా."

"వాళ్ళ కొట్లోనా? మన బేరం మనమే వాళ్ళ చేతిలో పెడతామా?" నాయనమ్మ గొంతు పెంచింది.

"వెళ్ళనివ్వండి అత్తయ్యా," అంది అమ్మ, కళ్ళు మూసుకునే.

టైలరిచ్చిన నోటు పట్టుకుని వాగుడుకాయ ఎండలో పరిగెత్తింది.

"ఏం, మీ కొట్టుకి తాళం పడిందా?" అని వెక్కిరించాడు ఆ కొట్టాయన.

"లేదు. నేను తప్పు చెప్పా. డబ్బా ఇవ్వండి," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

డబ్బా వచ్చింది. పాలు కలిపారు. ఏడుపు ఆగింది.

కొన్నాళ్ళకి మళ్ళీ వ్యాను వచ్చింది. "ఏం పాపా, పాలపొడి దింపనా, వద్దా?" అనడిగాడు డ్రైవరు.

"ఉండన్నా!"

వాగుడుకాయ లోపలికెళ్ళి అరంతా చూసుకుంది. బయటికొచ్చి, ఎదురుగా ఉన్న టైలరు షాపులోకి దూరింది.

"ఎక్కడికే? నాకింకా చాలా కొట్లున్నాయి!" అని విసుక్కున్నాడు డ్రైవరు.

ఆ పిల్ల వినిపించుకోలేదు. కుట్టుమిషను పక్కన రొప్పుతూ నిలబడింది.

"మామయ్యా, మీ ఇంట్లో పాలపొడి ఇంకెన్నాళ్ళొస్తుంది?"