రూట్ నాలుగు దగ్గర

క్లాసులో బెంచీలన్నీ గోడవారకు జరిపేశారు. నేల మీద పెద్ద తెల్ల చార్టు పరిచి ఉంది. దాని మధ్యలో లెక్కల టీచర్ ఒక లంబకోణ త్రిభుజం గీసింది.

"రెండు పక్కలా పది సెంటీమీటర్లు. పది సెంటీమీటర్లని ఒకటి అనుకుంటే కర్ణం రూట్ రెండు. ఈ కర్ణం కొసన తర్వాతివాళ్ళు పది సెంటీమీటర్ల గీత నిలబెట్టి కలపాలి. అది రూట్ మూడు. దాని మీద రూట్ నాలుగు. అలా నత్తగుల్లలా తిరుగుతూ రూట్ పదిహేడు దాకా. సాయంత్రానికి హాల్లో గోడకెక్కాలి."

చీటీలు తీశారు. రూట్ మూడు ముత్యానికి వచ్చింది. అక్షరాలు అందంగా రాస్తుందని అందరూ ఆ అమ్మాయిని ముత్యం అంటారు.

"రూట్ మూడు కరణీయ సంఖ్య," అంది టీచర్. "ఎన్ని అంకెలు రాసినా అయిపోదు. నీ చేతిరాతకి తగ్గదే వచ్చింది."

ముత్యం పక్కన కూర్చునే అమ్మాయిని పిట్ట అంటారు. తనూ చీటీ విప్పింది. రూట్ నాలుగు. అంటే రెండు. ఒక్క అంకె!

"నీకు హాయి. రెండు వేసి పడుకో," అన్నాడు రూట్ ఐదు వచ్చిన పొడుగోడు.

పిట్ట చీటీ నలిపేసింది. మంచివన్నీ ఆ ముత్యానికేనా?

"పిట్టా, నీ స్కేలు ఓసారి ఇవ్వవా? నాది కొస విరిగింది," అని అడిగింది ముత్యం.

"నాకే కావాలి."

ముత్యం తన స్కేలే పెట్టుకుంది. విరిగిన కొస దగ్గర మొదలుపెట్టి పది దగ్గర ఆపింది. పిట్ట చూసింది. కొసన అర సెంటీమీటరు లేదు. అంటే ఆ గీత తొమ్మిదిన్నరే.

చెబుదామా? అప్పటికే ముత్యం 1.7320508 అని పెన్సిల్‌తో దిద్దుతోంది. అందరూ వంగి మరీ చూస్తున్నారు.

పిట్ట తన స్కేలు తుడుచుకుంటూ కూర్చుంది.

తన వంతు వచ్చింది. సరిగ్గా పది గీసింది. కర్ణం కలిపి కొలిచింది. ఇరవై రావాలి. రాలేదు. మళ్ళీ కొలిచింది.

"ఎంత?" అంది టీచర్.

"పందొమ్మిది పాయింట్ ఎనిమిది, టీచర్."

"రూట్ మూడులో కాస్త తేడా వస్తే కంటికి ఆనదు. రూట్ నాలుగు అలా కాదు. ఇరవై అంటే ఇరవయ్యే. అందరి లెక్కా సరిచూసేది నీ గీతే. అందుకే ఇందాకటి నుంచి దాని కోసం చూస్తున్నా. ఎక్కడ తప్పింది మరి?"

"పిట్టే తప్పు గీసుంటుంది," అన్నాడు పొడుగోడు.

"లేదు. పక్కనే ఉన్నాగా, సరిగ్గానే గీసింది," అంది ముత్యం.

పిట్ట ముత్యం గీత మీద వేలు పెట్టింది.

"రూట్ మూడు దగ్గర తప్పింది, టీచర్. తన స్కేలు కొస విరిగింది. గీస్తున్నప్పుడే చూశాను. చెప్పలేదు. అడిగితే నా స్కేలూ ఇవ్వలేదు."

ముత్యం తన అంకెల వైపు చూసుకుంది. అవన్నీ చెరపాలి.

"అప్పుడే చెప్తే పోయేదిగా," అంది మెల్లగా.

టీచర్ గడియారం చూసింది. "ఇంకా పదమూడు మంది ఉన్నారు. కానివ్వండి."

లంచ్ బెల్ మోగింది. పిట్ట లేవలేదు. ముందు తన త్రిభుజం చెరిపేసింది. తర్వాత స్కేలు తీసి ముత్యం ముందు పెట్టింది.

"నేను పట్టుకుంటా. నువ్వు గియ్యి."

ముత్యం కాసేపు దాన్ని ముట్టుకోలేదు. చివరికి తన పాత గీతా అంకెలూ చెరిపేసి పెన్సిల్ అందుకుంది.

"కదిపావంటే చూడు!"

పిట్ట కదపలేదు. ఆ గీత పక్కన అంకెలన్నీ మళ్ళీ పడేదాకా చూసి, తన గీత గీసుకుంది. కొలిచింది. ఇరవై. పక్కన 2 వేసింది.

అవతల, తర్వాత గీయాల్సిన పొడుగోడు జామెట్రీ బాక్సులో ఏదో వెతుక్కుంటున్నాడు. వాడు అడగకముందే పిట్ట తన స్కేలు వాడి ముందుకు జరిపింది.