అడుగు నీళ్లు

తెల్లారితే సంజీవమ్మ మొదట మొక్కేది దేవుడికి కాదు, పెరట్లో ఉన్న నీళ్ల గూనకు. మరి మొక్కదా! ఏళ్లకేళ్లు వాన మొహం చాటేసి, వేరుశనగ విత్తనం మట్టిలోనే మాడిపోయిన కాలమది. ఎక్కడో ఉన్న బావి నుంచి బిందెలతో మోసుకొచ్చి పైన కొత్తనీళ్లు పోయడమే గానీ, అడుగు నీళ్లు వంపడం ఆ ఇంట్లో లేదు. వంపితే గంగమ్మ అలిగి పోతుందట. నీళ్లలో తోకపురుగులు గిలగిల ఆడితే సంజీవమ్మకు మురిపెం కూడా. పురుగు బతికే నీళ్లు మనిషిని చంపుతాయా అనేది.

ఆ పొద్దున ఆమె గూనలో చెంబు ముంచుతుండగా కోడలు ఎల్లక్క పావగడ ఆసుపత్రి నుంచి తొలి బస్సుకు వచ్చింది. ఆమె మొగుడు, సంజీవమ్మకు ఒక్కగానొక్క కొడుకు మారన్న, జ్వరంతో అక్కడే పడి ఉన్నాడు.

"మలేరియా మాత్రలు మింగినాడు గదా, ఇంకా తగ్గలేదేందే?" అత్త గొంతు లేచింది. "నిడుగల్లుకు, మీ పుట్టింటికి పోయొచ్చినాకనే ఈ పీడ పట్టుకుండాది. నువ్వే మోసుకొచ్చినావు!"

ఇన్నాళ్లూ ఆ మాట దిగమింగిన ఎల్లక్క ఈసారి ఊరుకోలేదు.

"ఆ జ్వరం యాడిదైనా కానీ, మాత్రలకు తగ్గిపోయె. దాంతోపాటు ఇంకోటి ఉండాదంట అత్తా, డెంగీ అంట. ఒకే ఒంట్లో రెండు జ్వరాలు! చిగుళ్లల్లో నెత్తురు కారతాండాది."

"రెండా?" సంజీవమ్మ చేతిలో చెంబు జారిపడింది.

"ఆ దోమ మురిక్కాలవలో పుట్టదంట. ఇంట్లో దాసిన తేటనీళ్లల్లో తోకపురుగై పుట్టి, రెక్కలొచ్చి పగలే కుడతాదంట. మీ ఇంట్లో నీళ్లు యాడ దాస్తారని డాక్టరు అడిగితే నా కండ్లముందర ఈ గూనే నిలబడె."

అంటూనే గూన అంచు పట్టుకుంది.

"ముట్టొద్దే పాపిష్టిదానా! నీళ్లే అవి, నీళ్లు!"

గూన ఒరిగిపోయింది. ఎండిన నేల ఆ నీళ్లను గుటుక్కున తాగేసింది. బురద మీద మిగిలినవి పురుగులే, లెక్కలేనన్ని, ఇంకా గిలగిలలాడుతూ. గూన నోట్లోంచి కాళ్లకు తెల్లచారలున్న దోమ ఒకటి లేచి సంజీవమ్మ ముంజేతి మీద వాలింది. ఆమెకు దాన్ని కొట్టాలని కూడా తోచలేదు. మధ్యాహ్నం చల్లగా పడుకుంటాడని కొడుకు మంచం గూన పక్కన వేసింది తనే. అయ్యో, తన చేతులారా వేసింది!

"నేనేనే... నా బిడ్డను నేనే..." అని గుండెలు బాదుకుంది. "నిన్నేమో నోటికొచ్చినట్లు తిట్టినా."

ఎల్లక్క ఆ చేతులు పట్టుకుంది. "ఆ నీళ్లు నేనూ మోసినా గదా అత్తా. మనకేం తెలుసు?"

సంజీవమ్మ కళ్లు తుడుచుకుని వంటింట్లోకి పోయి, తన అత్తగారి కాలం నుంచీ అడుగు కనిపించని నీళ్ల కాగును తానే వంచింది. గంగమ్మ అలిగితే అలగనీ అనుకుంది.

ఇద్దరూ ఆసుపత్రికి చేరేసరికి నెత్తురు ఆగిందని నర్సు చెప్పింది. మారన్న కళ్లు తెరిచాడు.

"అమ్మా, గుక్కెడు నీళ్లు."

పుట్టిన నాటి నుంచి వాడికి నీళ్లు పోసిన సంజీవమ్మ చెయ్యి ముందుకు రాలేదు. ఎల్లక్క కాచి చల్లార్చిన నీళ్ల గ్లాసు తెచ్చి ఆ చేతిలోనే పెట్టింది.

"నువ్వే తాపు అత్తా."