ఊడిరాని కుట్టు

గాజు తలుపు మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ అంటించుకున్న దుకాణం అయ్యా, మిమ్మల్నే. డ్రమ్ము మీద పుర్రె బొమ్మ అచ్చువేసి, ఆ డ్రమ్ము నింపే మనిషి మూతికి గుడ్డ ముక్క కూడా ఇవ్వని పురుగుమందుల కంపెనీవారూ, మిమ్మల్నీ. ఒకరు విషం అమ్ముతారు. ఇంకొకరు విషం లేదని చెప్పి అమ్ముతారు. మధ్యలో నలిగేది ఒకటే ఇల్లు. ఇరవై ఏళ్లుగా కుట్టుమిషను మీద బతుకుతూ, మిగిలిన గుడ్డపేలిక కూడా తిరిగిచ్చే ఆడమనిషిని మొగుడి ముందు దొంగలా నిలబెట్టింది మీరిద్దరే. ఎలా నిలబెట్టారో వినండి.

ఆ రోజు నెల మొదటి తారీకు. పొద్దున్న ఏడు దాటింది. రెండు గదుల ఇంట్లో కిటికీ కింద కుట్టుమిషను, దాని పక్కన కత్తిరించి పెట్టిన స్కూలు యూనిఫారం ముక్కల గుట్ట. పొయ్యి మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. ఆమె ఒక కన్ను పాల మీద, ఒక కన్ను మూలన నిలబెట్టిన పది కిలోల బియ్యం సంచి మీద వేసి ఉంచింది. నిన్న సాయంత్రం నుంచీ ఆమెకి కాలు ఒకచోట నిలవడం లేదు. తీసిన గిన్నె మళ్లీ తీసినచోటే పెడుతోంది. తుడిచిన గట్టే తుడుస్తోంది.

సంచి మూతి విప్పడం ఆ ఇంట్లో తండ్రీకూతుళ్ల ఆట. కిందటేడు పాప ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉంది. ఎందుకు జబ్బు చేసిందో డాక్టర్లు తేల్చలేదు కానీ తండ్రి తేల్చేసుకున్నాడు. అతను పనిచేసేది పురుగుమందుల కంపెనీ స్టోర్లో. ఏ డ్రమ్ము ఏ పంట మీదికి పోతుందో అతనికి తెలుసు. "మందు కొట్టిన గింజ ఈ గడప దాటి లోపలికి రాకూడదు" అని ఆసుపత్రి మెట్ల మీదే ఒట్టేసుకున్నాడు. అప్పటినుంచీ ఆకు బొమ్మ సంచే కొనాలి. ధర మామూలు బియ్యానికి మూడింతలు.

ఆ సంచుల మూతికి గొలుసుకుట్టు వేస్తారు. ఒకటే దారం, ఒక ముడిలోంచి ఇంకో ముడి. సరైన కొస పట్టుకుని లాగితే సర్రుమని మొత్తం ఊడొస్తుంది. పాప మూడు లెక్కపెడితే తండ్రి ఒక్క లాగు లాగేవాడు. ఆ దారం పాప చేతికి కట్టేవాడు. నాలుగు నెలలుగా ఒకటో తారీకు నాడు అతనికి తెల్లవారుజాము షిఫ్టు పడి, ఆట ఆగిపోయింది. ఈసారి తొమ్మిదింటి షిఫ్టు. "సంచి ముట్టుకోకు, నేనూ పిచ్చుకా విప్పుతాం" అని ముందురోజే భార్యకి చెప్పాడు. పిచ్చుక అంటే పాప. తినేదీ అంతే, అరిచేదీ అంతే.

"నాన్నా, లెక్కపెట్టనా?" పిచ్చుక సంచి ముందు చతికిలబడింది. "ఒకటి, రెండు, మూడు!"

లాగాడు. ఊడలేదు.

"ఆ కొస కాదేమో నాన్నా."

రెండో కొస లాగాడు. దారం వేలికి కోసుకుంది కానీ కుట్టు కదల్లేదు. సంచి మూతిని వెలుతురులోకి తిప్పి చూశాడు. పైన ఒక దారం, కింద ఇంకో దారం, మధ్యలో రెండూ బిగిసిపోయి. గీత గీసినట్టు తిన్నగా ఉంది కుట్టు. చివర వెనక్కి తిరిగి రెండుసార్లు గట్టి చేసి మరీ ఉంది. దర్జీతో పన్నెండేళ్లు కాపురం చేసినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇది సంచి కుట్టు కాదు" అన్నాడు నెమ్మదిగా. "నీ మిషను కుట్టు."

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఆమె కదల్లేదు.

అదే సమయానికి పక్క వాటా నుంచి అతని అక్క టిఫిను డబ్బా పట్టుకుని వచ్చింది. ఆకు బొమ్మ దుకాణంలో ఆవిడ బిల్లు కొట్టే మనిషి. "ఏంట్రా, పొద్దున్నే సంచితో కుస్తీ? ఎవరు గెలుస్తున్నారు?" అని నవ్వబోయి, మరదలి మొహం చూసి నవ్వు మింగేసింది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు అతను భార్యతో.

"నాలుగు నెలలు. ఖాళీ సంచి దాచిపెట్టా. మామూలు బియ్యం పోశా. ఇన్నాళ్లూ మీరు షిఫ్టు నుంచి వచ్చేసరికే డబ్బాలో పోసేదాన్ని. నిన్న మీరు విప్పుతానన్నారు కదా, అందుకని కుట్టాల్సొచ్చింది."

"నాలుగు నెలలు నా చేత గడ్డి తినిపించావన్నమాట!"

"అన్నమే తినిపించానండీ. ఊరంతా తినే అన్నమే."

"ఊరంతా ఏం తింటోందో నాకు తెలుసు! రోజూ వ్యానుకెక్కించేది నేను!" అతని గొంతుకి గిన్నెలు మోగాయి. "పాపకి? పాపకి కూడా ఇదే పెట్టావా?"

ఆమె అలమర పైఅరలోంచి చిన్న డబ్బా తీసి అతని ముందు ఠక్కున పెట్టింది. "దానిది ఇది. కిలో చొప్పున అక్కడే తెస్తున్నా. దాని గిన్నె వేరు. మీకూ నాకూ ఆ సంచిది."

పిచ్చుక డబ్బా వైపు, పెద్ద గిన్నె వైపు చూసింది. "అందుకేనా అమ్మా, నా గిన్నెలోంచి నువ్వెప్పుడూ ఒక్క ముద్ద కూడా తినవు?"

అతను గదిలో ఇటునుంచి అటు నడిచాడు. గది ఎంతని! నాలుగడుగులకే గోడ. గోడ దాకా వెళ్లి తిరిగొచ్చి అక్క మీద పడ్డాడు. "నీకు తెలుసా ఇది? నీ ముందే కదా కొనేది?"

"తెలుసు."

"చెప్పవా మరి?"

"నేను బిల్లింగులో కూర్చునేదాన్నిరా, కోర్టులో కాదు. ఎవరేం కొన్నారో వాళ్ల మొగుళ్లకి చెప్పడం నా పని కాదు." ఆవిడ టిఫిను డబ్బా గట్టు మీద పెట్టేసింది. ఇక ఆగేట్టు లేదు. "చెప్పమంటే ఇంకోటి చెప్తా. సాయంత్రం అమ్ముడుపోని ఆకుకూరలు, టమాటాలు అన్నీ వెనక డబ్బాలో పడేసి తాళం వేస్తారు మా షాపులో. తాళం! చెత్తకి తాళం వేసే చోటు ఎక్కడైనా చూశావా? సగం ధరకి ఇచ్చినా మీలాంటి వాళ్లు కొనుక్కుంటారు కదా అని అడిగా. అలా ఇస్తే పగలు ఎవరూ కొనరట. పారేస్తేనే ధర నిలబడుతుందట."

"అసలు అది నిజంగా మందు కొట్టనిదేనా అక్కా?"

"సంచి మీద అలా రాసుంది. అంతకంటే నాకేం తెలుసురా? నేను పండించానా?"

అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. భార్య వైపు తిరిగాడు. "డబ్బు సరిపోలేదా? చెప్పొచ్చు కదా. దాని కోసమే కదా నేను కొత్త పనికి ఒప్పుకుంది? నెలనెలా జీతం కాక ఇంకో కవరు నీ చేతిలో పెడుతున్నానా లేదా? అది ఎలా వస్తోందో నీకేం తెలుసని..." అని ఆగిపోయాడు. అనకూడనిది నోటి చివరిదాకా వచ్చింది.

"తెలుసు" అంది ఆమె. "అందుకే కొనడం మానేశా."

వెళ్లి దండెం మీద నుంచి అతని చొక్కా తెచ్చింది. చేతి అంచు తిప్పి చూపించింది. అంచు కుట్టు పొడి పొడిగా రాలిపోతోంది. గుడ్డ తెల్లబడి జల్లెడ పట్టినట్టయింది.

"ఈ చొక్కా కుట్టింది నేను. నా దారం పదేళ్లయినా తెగదు. నాలుగో ఉతుక్కి పిండైపోయింది. స్టోర్లో పెట్టెలు సర్దేవాడి చొక్కాకి ఇలా అవుతుందా? మీ కళ్లు చూసుకున్నారా అద్దంలో? రోజూ దుమ్ము పడిందంటారు. ఎన్నాళ్లు పడుతుందండీ ఒకే దుమ్ము?" ఆమె చొక్కా అతని చేతిలో పెట్టింది. "మిమ్మల్ని డ్రమ్ములు నింపే గదిలో వేశారు. అవునా, కాదా?"

అతను తల దించుకున్నాడు. "వేయలేదు. నేనే అడిగా. ఆ గదికి భత్యం ఎక్కువిస్తారు."

అక్క గభాలున కుర్చీలో కూర్చుంది. "ఒరేయ్ తమ్ముడూ, ఆ గదిలోకి కొత్తవాళ్లు కూడా వెళ్లరంటావు కదరా నువ్వే!"

"పాపకి విషం లేని తిండి పెట్టాలంటే ఇంకెక్కడినుంచి తేవాలక్కా? రోజూ విషం మోసి సంపాదించింది సరిపోవడం లేదు. అందుకని పీల్చి సంపాదిస్తున్నా." ఇదంతా ఆ మనిషి చాలా మామూలుగా చెప్పాడు, బస్సు టైము చెప్పినట్టు. అప్పుడే ఆమె ఏడ్చింది.

కుట్టుమిషను సొరుగు లాగింది. దారం చుట్టిన బాబిన్ల కింద నాలుగు కవర్లు. అంటించినవి అంటించినట్టే ఉన్నాయి.

"ఒక్కటీ విప్పలేదు" అంది ముక్కు తుడుచుకుంటూ. "ఇవి లేకుండానే నాలుగు నెలలు ఇల్లు నడిపా. పిచ్చుకకి లోటు రానివ్వలేదు. నడుస్తుందని మీకు చూపించి, ఆ గదిలోంచి లాక్కొద్దామనుకున్నా. ఎలా చెప్పాలో తెలీలేదు. ఒట్టేసుకున్నారు కదా, మీ ఒట్టు తప్పించానంటే ఏమైపోతారోనని భయపడ్డా. మీకు అబద్ధం తినిపించానండీ. తప్పే. కానీ ఆ గది గాలితో కొన్న బియ్యం నా గొంతు దిగదు."

అతను సంచి పక్కనే నేల మీద కూలబడ్డాడు. ఆ మూతి కుట్టు మీద బొటనవేలు రాశాడు. "దొంగతనంగా కుట్టిన కుట్టు కూడా ఇంత గట్టిగా వేస్తావా?" అన్నాడు చివరికి. "నాసిగా కుట్టుంటే సర్రున ఊడొచ్చేది కదే. దొరికేదానివి కాదు."

"నాసిగా కుట్టడం నాకు చేతకాదు."

"అది నిజం" అంది అక్క. ముగ్గురూ ఒకేసారి నవ్వారు. నవ్వుతుంటేనే అతని ఎర్రటి కళ్లు నిండిపోయాయి. పిచ్చుక కుట్లు విప్పే కొక్కెం తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. ఒక్కొక్క కుట్టూ తెంపాడు. దారం ముక్కలు ముక్కలుగా వచ్చింది. చేతికి కట్టడానికి పనికిరాలేదు. అయినా పాప అన్నీ ఏరుకుంది.

"ఇవాళ నుంచి ఆ గదిలోకి అడుగుపెట్టను" అన్నాడు. "నా పాత పని నాకిమ్మంటా."

"మీరు మానేస్తే ఇంకొకడిని పంపుతారు. వాడికీ పిల్లలుంటారు" అంది ఆమె. "ఊరికే మానేసి రాకండి. అడగండి."

ఎనిమిదింటికి ఆమె చొక్కా కొలతలు గీసే గోధుమరంగు కాగితం పరిచింది. అందరిలోకీ గుండ్రటి అక్షరాలు పిచ్చుకవే. తండ్రి చెప్పాడు, అక్క సందు దొరికినప్పుడల్లా దూరింది, పాప రెండు కాగితాల మీద రాసింది. రాయడం అయ్యాక ఆమె ఆ పాడైపోయిన చొక్కా అంచు రెండు ముక్కలుగా కత్తిరించి, ఒక్కో కాగితం అడుగున ఒకటి పెట్టి, మిషను కింద తోసి నాలుగు వైపులా కుట్టింది. గుండుసూది అయితే పీకేస్తారు. ఈ కుట్టు ఎవడు లాగినా ఊడకూడదు.

ఒక కాగితం కంపెనీ గేటు దగ్గరికి వెళ్లింది. రెండోది అక్క చేతిలో దుకాణానికి వెళ్లింది. అందులో ఉన్నది ఇదే, మీరూ చదువుకోండి:

"నింపే గదిలో ఉన్న ప్రతి మనిషికీ ముసుగు, చేతి తొడుగులు ఇవ్వండి. గాలి బయటికి లాగే యంత్రం పెట్టండి. పెట్టేదాకా ఆ గదికి తాళం వేయండి. చెత్తడబ్బాకి వేసిన తాళం తీయండి. మిగిలింది సాయంత్రం సగం ధరకి అమ్మండి. పండించినవాడికి ఎంత ఇచ్చారో, మా దగ్గర ఎంత తీసుకుంటున్నారో రెండూ సంచి మీద పక్కపక్కన అచ్చువేయండి. మందు లేదని పరీక్ష చేయించిన కాగితం తలుపు మీద ఆకు బొమ్మ పక్కన అంటించండి. వచ్చే నెల మొదటి తారీకుకి మా నాన్న సంచి విప్పుతాడు. ఆలోపు చేయండి."